8 కోట్ల వాల్యుయేషన్ అంటే ఎవరి చేతికి ఎంత?

పోయిన వేసవిలో ఒక సాయంత్రం విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసుకి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు, అందులో ఒకడు మా ఊరివాడే. మిర్చి తేమ, రంగు చూసి గ్రేడు చెప్పే మెషిన్ ఒకటి తయారు చేస్తున్నారు, మంగళగిరిలో చిన్న షెడ్డు అద్దెకి తీసుకుని. గుంటూరు యార్డులో ఇద్దరు ముగ్గురు కమీషన్ ఏజెంట్ల దగ్గర ట్రయల్స్ వేశారు, రెండు కోల్డ్ స్టోరేజీలైతే డబ్బులిచ్చి మరీ పెట్టుకున్నాయి. "అన్నా, 8 కోట్ల వాల్యుయేషన్ ఇచ్చారన్నా, ఎల్లుండి సంతకం, నువ్వొకసారి చూసి ఓకే అంటే చాలు" అని ఫోన్లో పీడీఎఫ్ తెరిచి నా చేతిలో పెట్టాడు. ఆరు పేజీల టర్మ్ షీట్, అంటే పెట్టుబడి షరతులన్నీ రాసిన కాయితం. 8 కోట్లు అనే మాట మొదటి పేజీలో ఉంది, మిగతా ఐదు పేజీలు వాళ్ళిద్దరూ సరిగ్గా చదవనే లేదు.

నేను సీఏని, రోజూ చేసే పని జీఎస్టీలు, ఆడిట్లు. కానీ ఈ మధ్య మంగళగిరి, గన్నవరం, గుంటూరు వైపు నుంచి ఇలాంటి పిల్లలు బాగానే వస్తున్నారు, వచ్చిన ప్రతి ఒక్కళ్ళూ ముందు చెప్పేది వాల్యుయేషనే. ఎందుకో నాకు అర్థమవుతుంది. మనవైపు పొలం బేరమంటే ఎకరం రేటు ఎంత అనేదే మాట, రేటు కుదిరాక రిజిస్ట్రేషన్ అయిపోతే అమ్మినోడికీ కొన్నోడికీ మళ్ళీ సంబంధం ఉండదు. స్టార్టప్‌లో పెట్టుబడి ఆ బేరం కాదండీ, అది పొత్తు. పొత్తు వ్యాపారంలో రేటు కంటే, లాభం వస్తే ఎట్టా, నష్టం వస్తే ఎట్టా, ఒకడు మధ్యలో వెళ్ళిపోతే ఎట్టా, అమ్మేయాల్సి వస్తే ఎవరు ముందు తీసుకుంటారు, ఇవన్నీ ముఖ్యం. ఆ ఐదు పేజీల్లో ఉన్నది అదే. వీళ్ళ కేసే లెక్కలతో సహా చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను, రాయమని వాళ్ళే అడిగారు.

ముందు ఆ 8 కోట్లు ఏంటో చూద్దాం. పెట్టుబడి 2 కోట్లు. డబ్బు రాకముందు కంపెనీ విలువ 8 కోట్లు అనుకుంటే ప్రీమనీ, అప్పుడు డబ్బొచ్చాక 10 కోట్లు, ఇన్వెస్టర్ వాటా 20 శాతం. అదే డబ్బొచ్చాక విలువ 8 కోట్లు అంటే పోస్ట్‌మనీ, అప్పుడు ఇన్వెస్టర్ వాటా 25 శాతం. ఒకే అంకె, ఒకే డబ్బు, 5 శాతం తేడా. వీళ్ళ షీట్‌లో ప్రీమనీ అనే ఉంది, అంతవరకు మంచిదే.

కానీ రెండో పేజీలో ఒక లైను ఉంది, రౌండ్ తర్వాత, అంటే ఈ విడత పెట్టుబడి వచ్చాక, 10 శాతం ఈసాప్ పూల్ ఉండాలి, అది ప్రీమనీలోనే కలిపి ఉంటుంది అని. ఈసాప్ పూల్ అంటే ముందు ముందు చేరబోయే ఉద్యోగులకి ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లు, అది అవసరమే, జీతం తక్కువిచ్చి మంచి ఇంజనీర్ని తెచ్చుకోవాలంటే అదే దారి. ప్రశ్న ఏంటంటే ఆ 10 శాతం ఎవరి వాటాలోంచి తీస్తారు అని. ప్రీమనీలో కలిపారంటే మొత్తం పాత వాళ్ళ వాటాలోంచే. డబ్బొచ్చాక విలువ 10 కోట్లు, అందులో ఇన్వెస్టర్‌కి 20 శాతం, పూల్‌కి 10, పాత వాళ్ళకి 70. అంటే పాత వాళ్ళ షేర్ల విలువ 7 కోట్లే. నోటితో చెప్పింది 8, కాయితం మీద ఇచ్చింది 7. ఇందులో మోసమేం లేదు, దాదాపు ప్రతి టర్మ్ షీట్ ఇలాగే ఉంటుంది. కానీ 10 శాతం నిజంగా కావాలా, వచ్చే ఏడాదిన్నరలో ఎంతమందిని తీసుకుంటారు, ఎవరికెంత ఇస్తారు అని కూర్చుని లిస్టు రాస్తే చాలాసార్లు 6 శాతంతో సరిపోతుంది, ఆ మిగిలిన 4 శాతం ఫౌండర్ల దగ్గరే ఉంటుంది. వాల్యుయేషన్ కోసం పది రోజులు బేరమాడే వాళ్ళు ఈ ఒక్క లైను మీద పది నిమిషాలు కూడా పెట్టరు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

తర్వాత నేను అడిగింది, ఇంతకుముందు ఎవరి దగ్గరన్నా డబ్బు తీసుకున్నారా అని. "ఆ, మామయ్య 20 లక్షలు పెట్టాడన్నా, ఇంకో సార్ 30 లక్షలు ఇచ్చారు, కానీ అవి షేర్లు కాదు, సేఫ్ నోట్లు, వాటి సంగతి తర్వాత కదా" అన్నాడు. తర్వాత అంటే ఎప్పుడో కాదు, ఇప్పుడే. సేఫ్ అంటే ఈరోజు డబ్బిస్తాను, విలువ ఎంతో ఇప్పుడు తేల్చొద్దు, రేపు పెద్ద ఇన్వెస్టర్ వచ్చి ధర కట్టినప్పుడు నాకు షేర్లివ్వు అనే ఒప్పందం. అమెరికాలో వై కాంబినేటర్ 2013లో మొదలుపెట్టింది, 2018లో దాన్ని పోస్ట్‌మనీ పద్ధతికి మార్చింది. మన చట్టంలో అది అటు షేరూ కాదు ఇటు అప్పూ కాదు కాబట్టి 2019లో ముంబైకి చెందిన 100ఎక్స్ డాట్ వీసీ వాళ్ళు దాన్ని సీసీపీఎస్, అంటే తప్పనిసరిగా ఈక్విటీగా మారాల్సిన ప్రిఫరెన్స్ షేర్ల రూపంలోకి తెచ్చి ఐసేఫ్ అని పేరు పెట్టారు, ఇక్కడ చిన్న రౌండ్లలో ఎక్కువగా కనపడేది అదే.

ఇక్కడ చిన్న పక్కమాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే మనవైపు దీంట్లో తప్పు జరగడం నేను చాలా చూశాను. మనకి అలవాటైంది ప్రోనోటు. తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కంపెనీ అకౌంట్లో వేసేసి, అదే కన్వర్టిబుల్ నోట్, అంటే తర్వాత షేర్లుగా మార్చుకునే అప్పు కాయితం, అనుకుంటారు. కాదండీ. డైరెక్టరూ కాదు, డైరెక్టర్ బంధువూ కాదు, షేర్‌హోల్డరూ కాదు, అలాంటి మనిషి దగ్గర కంపెనీ పేరు మీద అప్పు తీసుకుంటే కంపెనీల చట్టం ప్రకారం అది డిపాజిట్ కిందకి వచ్చి పడుతుంది, ప్రైవేట్ కంపెనీ అలా తీసుకోకూడదు. కన్వర్టిబుల్ నోట్‌కి మినహాయింపు ఉంది, కానీ డీపీఐఐటీ, అంటే కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల విభాగం, గుర్తింపు ఉన్న స్టార్టప్ అయ్యుండాలి, ఒక మనిషి దగ్గర ఒకేసారి 25 లక్షలు గానీ అంతకంటే ఎక్కువ గానీ తీసుకోవాలి, 10 ఏళ్ళలోపు షేర్లుగా మార్చాలి లేదా తిరిగివ్వాలి. ఈ గడువు 2020 ముందు 5 ఏళ్ళే ఉండేది. కాబట్టి 20 లక్షలకి కన్వర్టిబుల్ నోట్ రాసుకోవడం కుదరదు, అందుకే వీళ్ళు ఐసేఫ్‌కి వెళ్ళారు, అది సరైన పనే.

సరే లెక్కకొద్దాం. మామయ్య 20 లక్షలకి పోస్ట్‌మనీ క్యాప్ 4 కోట్లు అంటే 5 శాతం. ఆ సార్ 30 లక్షలకి క్యాప్ 5 కోట్లు అంటే 6 శాతం. క్యాప్ అంటే వచ్చే రౌండ్‌లో ధర ఎంత పెరిగినా నా లెక్క ఇంతకు మించి కట్టొద్దు అనే గీత. ముందు రిస్కు తీసుకున్న వాడికి ఆ గీత న్యాయమే, కంపెనీ పెరగడానికి ఆయన డబ్బే కారణం కదా. కానీ పోస్ట్‌మనీ సేఫ్‌లో ఒక గుణం ఉంది, రెండో సేఫ్ రాసినప్పుడు మొదటి సేఫ్ వాటా తగ్గదు, తగ్గేది ఫౌండర్లదే. సేఫ్ రాసిన రోజు షేర్ల రిజిస్టర్‌లో ఫౌండర్ల వాటా ఏమీ మారనట్టే కనపడుతుంది గనక ఇంకోటి, ఇంకోటి రాసేస్తారు, అన్నీ కలిసి ఒకేరోజు మీద పడతాయి. వీళ్ళకి 11 శాతం. పాత వాళ్ళకి మిగిలిన 70లో 11 శాతం అంటే 7.7 పోయింది, మిగిలింది 62.3.

62.3 ఇద్దరికీ చెరిసగం అయితే తలా 31 పైన, పర్లేదు అనుకున్నాను. అప్పుడు చిన్నోడు మెల్లగా అన్నాడు, "అన్నా, మూడోవాడు ఉన్నాడు". క్లాస్‌మేట్. కంపెనీ పెట్టినప్పుడు 40, 40, 20 అని షేర్లు రాసుకున్నారు. ఎనిమిదో నెలలో ఆ అబ్బాయికి అమెరికా వీసా వచ్చింది, ఎంఎస్‌కి వెళ్ళిపోయాడు. షేర్లు అతని పేరు మీదే ఉన్నాయి. ఈ రౌండ్ తర్వాత కూడా 12.46 శాతం అతనిదే, అంటే రేపు చేరబోయే ఉద్యోగులందరికీ కలిపి పెట్టిన పూల్ కంటే ఎక్కువ. రోజుకి పద్నాలుగు గంటలు షెడ్డులో కూర్చునే వీళ్ళ చేతిలో తలా 24.92.

ఆ మాట చెప్పాక ఆఫీసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దోడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి తను మళ్ళీ వేసుకున్నాడు, 70 ఇంటూ 0.89, దాన్ని ఇంటూ 0.4, రెండుసార్లు వేశాడు, రెండుసార్లూ 24.92 వచ్చింది. 8 కోట్లలో తలా 40 శాతం, అంటే 3 కోట్ల 20 లక్షలు నా షేర్ల విలువ అని ఇంట్లో చెప్పి వచ్చాడు. లెక్క ప్రకారం 10 కోట్లలో 24.92 శాతం అంటే 2 కోట్ల 49 లక్షలు, అది కూడా కాయితం మీద.

అందుకే వెస్టింగ్ అనే క్లాజు చూస్తే ఫౌండర్లకి కోపం రావడం నాకు నచ్చదు. "నా కంపెనీ, నా షేర్లు, మళ్ళీ నేను సంపాదించుకోవడమేంటి" అంటారు. మామూలుగా 4 ఏళ్ళు, మొదటి ఏడాది క్లిఫ్ అని పెడతారు, అంటే ఏడాది నిండకుండా వెళ్ళిపోతే ఏమీ రాదు, నిండితే నాలుగో వంతు వస్తుంది, తర్వాత నెల నెలా కొంచెం కొంచెం. ఆ కాయితం మొదటి రోజు ముగ్గురు స్నేహితులూ రాసుకుని ఉంటే ఎనిమిదో నెలలో వెళ్ళిన అబ్బాయికి షేర్లు ఉండేవి కావు, స్నేహమూ చెడేది కాదు. వెస్టింగ్‌ని ఇన్వెస్టర్ తన కోసం పెట్టినా అది ముందు కాపాడేది మిగిలిపోయిన ఫౌండర్నే. ఇందులో బేరమాడాల్సిన చోటు వేరే ఉంది. గడియారం ఈరోజు నుంచి మొదలవ్వకూడదు, ఇప్పటికే చేసిన రెండేళ్ళ పని లెక్కలోకి రావాలి. ఇంకోటి, ఇన్వెస్టరే ఫౌండర్ని కారణం లేకుండా బయటికి పంపితే ఏంటి అనేది స్పష్టంగా ఉండాలి. గుడ్ లీవర్ అంటే మర్యాదగా వెళ్ళినవాడు, బ్యాడ్ లీవర్ అంటే తప్పు చేసి వెళ్ళినవాడు అని రాస్తారు, బ్యాడ్ లీవర్ నిర్వచనం చదవండి, మోసం చేస్తేనా, లేక టార్గెట్ అందుకోకపోయినా బ్యాడేనా. రెండోది రాసుంటే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు అసలు పేజీకొచ్చాం, నాలుగో పేజీ. లిక్విడేషన్ ప్రిఫరెన్స్. కంపెనీ అమ్ముడైనా, మూతపడినా డబ్బు ఏ వరసలో పంచుకోవాలి అనేది. ఇది వాళ్ళకి ఎట్టా చెప్పాలా అని చూసి, చివరికి సినిమా లెక్కతో చెప్పాను. మా నాన్న గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో లెక్కలు రాసేవారు, థియేటర్ల నుంచి డీసీఆర్‌లు, అంటే రోజువారీ కలెక్షన్ లెక్కలు, వచ్చేవి, నేను స్కూలు అయ్యాక వెళ్ళి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. అడ్వాన్స్ మీద సినిమా తీసుకుంటే కలెక్షన్లలో ముందు డిస్ట్రిబ్యూటర్ తన అడ్వాన్స్ రికవర్ చేసుకుంటాడు, అది అయ్యాక వచ్చేదే ఓవర్‌ఫ్లో, ఓవర్‌ఫ్లోలో ఎవరికెంత అనేది ముందే అగ్రిమెంట్‌లో ఉంటుంది. సినిమా ఆడిందా ఆడలేదా అని ఊరంతా మాట్లాడుకుంటుంటే నాన్న మాత్రం అగ్రిమెంట్ ఫైలు తీసేవారు, ఎందుకంటే అదే కలెక్షన్‌కి అగ్రిమెంట్‌ని బట్టి ప్రొడ్యూసర్‌కి డబ్బు వెళ్తుందా వెళ్ళదా అనేది మారిపోయేది.

స్టార్టప్‌లోనూ అదే. ఇన్వెస్టర్ 2 కోట్లు పెట్టి 20 శాతం తీసుకున్నాడు. 1ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్ అని రాసుంటే, తన 2 కోట్లు ముందు తీసుకోవాలా లేక 20 శాతం వాటా తీసుకోవాలా, రెంటిలో ఏది ఎక్కువైతే అది, ఒక్కటే. 1ఎక్స్ పార్టిసిపేటింగ్ అంటే ముందు 2 కోట్లు తీసుకుని, ఓవర్‌ఫ్లోలో మళ్ళీ 20 శాతం కూడా తీసుకుంటాడు. 2ఎక్స్ అంటే ముందు తీసుకునేది పెట్టినదానికి రెట్టింపు, 4 కోట్లు. వీళ్ళ షీట్‌లో పార్టిసిపేటింగ్ అనే ఉంది.

కంపెనీ 8 కోట్లకి అమ్ముడైంది అనుకోండి. నాన్ పార్టిసిపేటింగ్ అయితే 20 శాతం అంటే 1 కోటి 60 లక్షలు, దానికంటే 2 కోట్లే ఎక్కువ కాబట్టి ఇన్వెస్టర్ 2 కోట్లు తీసుకుంటాడు, మిగతా అందరికీ 6 కోట్లు. పార్టిసిపేటింగ్ అయితే 2 కోట్లు, మిగిలిన 6లో 20 శాతం అంటే 1 కోటి 20 లక్షలు, మొత్తం 3 కోట్ల 20 లక్షలు, మిగతా వాళ్ళకి 4 కోట్ల 80 లక్షలు. 2ఎక్స్ పార్టిసిపేటింగ్ అయితే 4 కోట్లు, ప్లస్ 80 లక్షలు, మొత్తం 4 కోట్ల 80 లక్షలు ఇన్వెస్టర్‌కే, మిగతా అందరికీ కలిపి 3 కోట్ల 20 లక్షలు. 20 శాతం వాటా ఉన్నవాడికి 60 శాతం డబ్బు. వాల్యుయేషన్ మూడు చోట్లా అదే 8 కోట్ల ప్రీమనీ.

అదే కంపెనీ 100 కోట్లకి అమ్ముడైతే? నాన్ పార్టిసిపేటింగ్‌లో ఇన్వెస్టర్‌కి 20 కోట్లు, పార్టిసిపేటింగ్‌లో 21 కోట్ల 60 లక్షలు. తేడా ఉంది గానీ ఎవరి ఇల్లూ మునగదు. పూర్తిగా దివాలా తీస్తే? దివాలా చట్టం సెక్షన్ 53 వరసలో పనివాళ్ళు, బ్యాంకులు, ప్రభుత్వ బకాయిలు అన్నీ అయ్యాక చివర్న ప్రిఫరెన్స్ షేర్‌హోల్డర్లు, వాళ్ళ తర్వాత ఈక్విటీ, అక్కడిదాకా మిగిలేది అరుదు కాబట్టి అక్కడ ఏ క్లాజు ఉన్నా ఒకటే. అంటే సూపర్ హిట్‌లోనూ అట్టర్ ఫ్లాప్‌లోనూ టర్మ్స్ పెద్దగా కొరకవు, కొరికేది యావరేజ్‌లో. 5 కోట్లకో 12 కోట్లకో ఇంకో కంపెనీ కొనేసే పరిస్థితి, ఆరేళ్ళు కష్టపడి మర్యాదగా బయటపడే పరిస్థితి. మనవైపు పుట్టే కంపెనీలు, కోల్డ్ స్టోరేజీలకో ఆక్వా చెరువులకో ఆటోనగర్ వర్క్‌షాపులకో పనికొచ్చేవి చేసే కంపెనీలు, ఎక్కువగా చేరేది అక్కడికే అని నా అభిప్రాయం. అందుకే ఈ పేజీ మనకి హైదరాబాద్, బెంగళూరు వాళ్ళకంటే ఎక్కువ ముఖ్యం.

పెద్ద కంపెనీల్లో కూడా ఇది జరిగింది. ఫ్యాన్‌డ్యుయెల్ అని స్కాట్లండ్‌లో పుట్టి అమెరికాలో పెద్దదైన ఫాంటసీ స్పోర్ట్స్ కంపెనీ, 2018లో ప్యాడీ పవర్ బెట్‌ఫెయిర్‌తో డీల్ అయింది. అప్పటికి పేరుకుపోయిన ప్రిఫరెన్స్ మొత్తం 55.9 కోట్ల డాలర్లు. డీల్‌లో వాళ్ళ వంతుకి కట్టిన విలువ ఆ గీత దాటలేదు. ఫౌండర్లకి, మామూలు షేర్లున్న ఉద్యోగులకి చేతికి ఏమీ రాలేదు, కోర్టుకి వెళ్ళారు.

ఇదంతా విని పెద్దోడు "అయితే ప్రిఫరెన్స్ అసలొద్దని చెప్పేస్తా అన్నా" అన్నాడు. అట్టా కాదు, ఇన్వెస్టర్ వైపు నుంచి కూడా చూడాలి. ఆయన 2 కోట్లు ఈరోజు అకౌంట్లో వేశాడు, రేపు పొద్దున మీరు కంపెనీ మూసేసి ఉన్న డబ్బు పంచుకుందాం అన్నారనుకో, ప్రిఫరెన్స్ లేకపోతే వాటాల ప్రకారం ఆయన డబ్బులోంచి ఆయనకి 40 లక్షలు, మిగతా 1 కోటి 60 లక్షలు మీ వైపు వాళ్ళకి. ఏ బుద్ధున్న మనిషి ఒప్పుకుంటాడు? 1ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్ న్యాయమైన మాట, పెట్టిన డబ్బు ముందు వెనక్కి రావాలనడం మన చీటీల్లో, వడ్డీల్లో, పొత్తుల్లో అందరూ అడిగేదే. దాన్ని దాటి అడిగితేనే బేరం.

ఐదో పేజీలో యాంటీ డైల్యూషన్, అంటే తర్వాత తక్కువ ధరకి షేర్లిస్తే పాత ఇన్వెస్టర్‌కి ఉండే రక్షణ. దీన్ని చిన్న అక్షరాల్లో రాసి ఫుల్ ర్యాచెట్ అని పెట్టారు. లక్ష షేర్లున్నాయి అనుకుందాం, ఇన్వెస్టర్ షేరు 1,000 రూపాయల లెక్కన 20,000 షేర్లు తీసుకున్నాడు, మిగతా 80,000 మీవైపు. ఏడాది తర్వాత పరిస్థితి బాగోక కొత్తవాళ్ళ దగ్గర 500 రూపాయల లెక్కన కోటి తీసుకున్నారు, 20,000 కొత్త షేర్లు. ఏ రక్షణా లేకపోతే మీవైపు 66.7 శాతం ఉంటుంది. ఫుల్ ర్యాచెట్ ఉంటే పాత ఇన్వెస్టర్ ధర కూడా 500కి దిగిపోతుంది, ఆయన 20,000 షేర్లు 40,000 అవుతాయి, మీవైపు 57.1కి పడిపోతుంది. బ్రాడ్ బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ అయితే, కొత్తగా ఎన్ని షేర్లు తక్కువ ధరకి ఇచ్చారో ఆ బరువుని బట్టి ధర దిగుతుంది, ఇక్కడ 1,000 నుంచి సుమారు 917కి, ఆయన షేర్లు 21,818 అవుతాయి, మీవైపు 65.7. ఫుల్ ర్యాచెట్‌లో ఇంకో ప్రమాదం, తక్కువ ధరకి ఒక లక్ష రూపాయలు తీసుకున్నా, కోటి తీసుకున్నా పాత ధర అంతే దిగుతుంది. అంటే జీతాలకి ఆగలేక ఎవరో తెలిసినాయన దగ్గర చిన్న మొత్తం తీసుకున్నా చాలు, మొత్తం తలకిందులు.

ఇది ఇన్వెస్టర్‌కి మంచిదా అంటే, నా ఉద్దేశంలో కాదు. కష్టంలో ఉన్నప్పుడే ఫౌండర్ వాటా ఇంకా కోసేస్తే ఆ మనిషికి పని చెయ్యాలనే ఆసక్తి ఎక్కడుంటుంది, కొత్తగా వచ్చే ఇన్వెస్టర్ కూడా ఆ టేబుల్ చూసి ముందు ఆ క్లాజు తీయించు, అప్పుడు వస్తా అంటాడు. మనవైపు దీని అన్న ఇంకోటుంది, 51 శాతం. రైస్ మిల్లులో, రియల్ ఎస్టేట్‌లో డబ్బు చేసిన పెద్దమనుషులు కొందరు స్టార్టప్‌లో 50 లక్షలు పెట్టి 51 శాతం అడుగుతారు, ఎందుకంటే వాళ్ళకి తెలిసిన వ్యాపారంలో కంట్రోల్ అంటే 51. మిల్లుకి ఆ తర్వాత రౌండ్లు ఉండవు, స్టార్టప్‌కి ఉంటాయి. 49తో మొదలైన ఫౌండర్లు రెండు రౌండ్లు అయ్యేసరికి ఇరవైల్లోకి వస్తారు, మూడో రౌండ్‌కి ఎవరూ రారు, అప్పుడు ఆ 51 శాతం దేంట్లో 51? ఈ మాట నేను అలాంటి ఒక పెద్దాయనకి ముఖం మీదే చెప్పాను. ఆయన పెద్ద మనసుతో విన్నారు, 18 శాతానికి దిగి, బదులుగా ముఖ్యమైన నిర్ణయాల్లో తన సమ్మతి కావాలని రాయించుకున్నారు. అదే సరైన దారి. కొత్త షేర్లివ్వడం, పెద్ద అప్పు చెయ్యడం, వ్యాపారమే మార్చెయ్యడం, ఇలాంటి ఐదారు విషయాల్లో సమ్మతి అడగడం న్యాయం. 2 లక్షల ఖర్చుకి కూడా సంతకం కావాలంటే రోజువారీ పని ఆగిపోతుంది.

మిగతావి తొందరగా చెప్తాను. డ్రాగ్ అలాంగ్ అంటే ఇన్వెస్టర్లు అమ్మితే మీరూ అమ్మాల్సిందే, దీనికి కనీస ధర ఒకటి, కొన్నేళ్ళ గడువు ఒకటి రాయించుకోండి. ఐదేళ్ళలో ఎగ్జిట్, అంటే ఇన్వెస్టర్ తన షేర్లు అమ్ముకుని బయటపడే దారి, ఇవ్వకపోతే కంపెనీ షేర్లు వెనక్కి కొనాలి అని రాస్తారు, కానీ బైబ్యాక్‌కి చట్టంలో పరిమితి ఉంది, పెయిడప్ క్యాపిటల్ (మూలధనం), ఫ్రీ రిజర్వులు (పంచగలిగే మిగులు) కలిపి అందులో 25 శాతం దాటకూడదు, నష్టాల్లో ఉన్న స్టార్టప్‌కి ఆ మిగులు పెద్దగా ఉండదు, కాబట్టి ఆ బాధ్యతని ఫౌండర్ల సొంత మెడకి కట్టే లైను పక్కనే ఉందేమో వెతకండి. ఉంటే అది తీసేయించాల్సిందే, అమ్మానాన్నల ఇల్లు దాకా వస్తుంది. 2 కోట్లు అని చెప్పి 80 లక్షలు ఇప్పుడు, మిగతాది టార్గెట్ అయ్యాక అంటే, ఆ టార్గెట్ అయిందని ఎవరు తేలుస్తారో రాసుండాలి. ఏంజెల్ ట్యాక్స్, అంటే షేర్లని లెక్కగట్టిన విలువ కంటే ఎక్కువ ధరకి ఇస్తే ఆ ఎక్కువ మీద పడే పన్ను, దాని గురించి ఇంకా భయపడుతున్నారు కొందరు, 2012లో వచ్చిన ఆ సెక్షన్‌ని 2024 జులై బడ్జెట్లో ఎత్తేశారు. రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు మాత్రం కంపెనీల చట్టం కింద ఇప్పటికీ కావాలి.

ఆ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం, ఏలూరు రోడ్డు మీద ఒక హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించుకుని. ఒక ఎక్సెల్ షీట్ వేశాం, మూడు వరసలు, 4 కోట్లకి అమ్ముడైతే, 12 కోట్లకి అమ్ముడైతే, 60 కోట్లకి అమ్ముడైతే, ఎవరి చేతికి ఎంత. టర్మ్ షీట్‌లో ఉన్నట్టు ఒకటి, మేం అడగబోయేట్టు ఒకటి. మర్నాడు ఇన్వెస్టర్‌కి క్లాజుల మీద మెయిల్ పెట్టకుండా ఆ షీటే పంపించమన్నాను. ఆయన సాయంత్రానికి ఫోన్ చేశాడు. పార్టిసిపేటింగ్ తీసేశాడు, ర్యాచెట్ బదులు వెయిటెడ్ యావరేజ్‌కి ఒప్పుకున్నాడు, పూల్ 7 శాతం చేశాడు. ఫౌండర్ల వెస్టింగ్ మాత్రం కదలనన్నాడు, అయిపోయిన రెండేళ్ళకి సగం షేర్లు వదిలాడు. ఒక కొత్త షరతు పెట్టాడు, అమెరికాలో ఉన్న మూడోవాడి సంగతి తేల్చుకుని రండి, అప్పటిదాకా డబ్బు వెయ్యను అని. అది కూడా సబబే.

వీడియో కాల్‌లో మాట్లాడుకున్నారు ముగ్గురూ. ఆ అబ్బాయి మంచివాడు, ఎనిమిది నెలలు పని చేశాను, నాకు 3 శాతం ఉంచి మిగతాది మీరు తీసుకోండి అన్నాడు. షేర్ ట్రాన్స్‌ఫర్ ఫారాలు అక్కడ సంతకం పెట్టించి తెప్పించడానికి, స్టాంపు, వాల్యుయేషన్ పనులు చూసుకోవడానికి ఐదు వారాలు పట్టింది.

డబ్బు పడిన రోజు పెద్దోడు ఫోన్ చేశాడు, "అన్నా, 2 కోట్లు క్రెడిట్ అయింది, సప్లయర్‌కి 6 లక్షలు బాకీ ఉంది, కొట్టేయనా?" అని. ఆగరా అన్నాను. ప్రైవేట్ ప్లేస్‌మెంట్, అంటే ఇలా ఎంచుకున్న ఇన్వెస్టర్లకి షేర్లిచ్చి తీసుకునే డబ్బు, విడిగా తెరిచిన బ్యాంకు అకౌంట్లోనే ఉండాలి, షేర్లు అలాట్ చేసి పీఏఎస్ 3 ఫారం రిజిస్ట్రార్‌కి వేసేదాకా ఒక్క రూపాయి వాడకూడదు, అలాట్‌మెంట్‌కి 60 రోజుల గడువు, ఆ తర్వాత ఫారానికి 15 రోజులు. మూడోరోజు బోర్డు మీటింగ్ పెట్టి అలాట్ చేశారు, ఆ సాయంత్రమే ఫారం వేశాం. మర్నాడు పొద్దున సప్లయర్‌కి 6 లక్షలు వెళ్ళాయి.